సీతారత్నం చనిపోని రెండో భాగం

జూన్ 9, సోమవారం

మోహన్‌కుమార్ ఇవాళ గ్రంథాలయానికి వచ్చాడు. మా తెలుగు సంఘానికి అధ్యక్షుడైన తరువాత ఆయన ఈ గదిలో కాలు పెట్టడం ఇదే మొదలు. బీరువాలను చూసి, "ఎన్ని పుస్తకాలు ఉండాయి మేడం?" అన్నాడు. చెప్పాను. తరువాత గది పొడవెంత, వెడల్పెంత అని అడిగాడు. రెండో జవాబు మాత్రమే రాసుకున్నాడు.

విషయం ఏమిటంటే, ఉన్న పుస్తకాలన్నిటినీ ఫోన్‌లోకి ఎక్కిస్తారట. డిజిటల్ లైబ్రరీ. ప్రవీణ్ అని మహదేవపురలో ఏదో కంపెనీలో పనిచేసే అబ్బాయి ఆ పని చేసిపెడతాడట. ఎక్కించడం అయిపోయాక గదిని జిమ్‌కు బాడుగకిస్తారు. "పుస్తకాలు ఎక్కడికీ పోవు మేడం. అందరి జేబులోనూ ఉంటాయి" అన్నాడు. జేబులో ఉన్నవన్నీ జనం చదువుతున్నట్టు.

నేను శాంతంగానే మాట్లాడాను. నా శాంతం పాలబూత్ దాకా వినబడిందని దేవరాజ్ అంటున్నాడు. భర్త అన్నాక పాలబూత్ దగ్గర నిలబడకుండా వచ్చి నా పక్కన నిలబడి ఉండాల్సింది.

నా వాదన ఒక్కటే. అచ్చయిన పుస్తకం మారదు. అందులో ఏముందో మనవళ్ళ కాలానికీ అదే ఉంటుంది. ఫోన్‌లో ఉన్నదాన్ని ఎవరైనా కూర్చున్నచోట కూర్చుని మార్చేయవచ్చు. నమ్మకం అనేది కాగితం మీదే నిలుస్తుంది. ఈ చివరి వాక్యం బాగా కుదిరింది. కార్యవర్గానికి రాసే ఉత్తరంలో పెట్టాలి.

సాయంత్రం ఆడవాళ్ళకు నవల చదివి వినిపించడం బాగా సాగింది. సీతారత్నం తన హోటల్‌కు కొత్త పెనం కొన్నది. సొన్నమ్మక్క మొహం వెలిగిపోయింది.

జూన్ 11

ఉత్తరం పంపాను. మోహన్‌కుమార్ ఫోన్ చేసి, "తెలుగులో రాసినారు మేడం. కన్నడంలో ఇచ్చినారంటే అందరం చదువుకుంటాం" అన్నాడు.

ఆయనను అని ఏం లాభం? యలహంకలో పుట్టి పెరిగిన మా వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుకుంటారు. కార్యవర్గంలో ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. తెలుగు సంఘం బోర్డు మీద కొమ్ము ఎగిరిపోతే రెండేళ్ళు ఎవరూ గమనించలేదు. నేను గమనించాను కానీ ఎవరు గమనిస్తారో చూద్దామని ఊరుకున్నాను.

నేను తెలుగు చెప్పిన బడి, పిల్లలు లేక, మూతపడ్డాక ఈ గది తాళంచెవి నా చేతికి వచ్చింది. చదవడానికి ఎవరూ రాలేదు. చదవడం వస్తే కదా రావడానికి. అందుకే బయటికి చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆకుకూరలమ్మే సొన్నమ్మక్క, గార్మెంట్స్‌లో పనిచేసి మానేసిన లక్ష్మమ్మ, వాళ్ళ వెనక వీధి ఆడవాళ్ళు ఇంకొందరు. పొద్దు వాలగానే వచ్చి చాప మీద కూర్చుంటారు. ఒకరు చిక్కుడుకాయలు ఒలుస్తారు, ఒకరు పూలు కడతారు.

ఉత్తరాన్ని కన్నడంలో తిరగరాశాను. నమ్మకం గురించి రాసిన వాక్యం కన్నడంలో అంత బాగా లేదు.

జూన్ 14

వీపులు కోసేశారు.

జూన్ 15

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ప్రవీణ్ మనుషులు ఒక కటింగ్ మిషన్ తెచ్చారు. పుస్తకం వీపును కోసి, కాగితాలు విడదీసి స్కానర్‌లో వేస్తే పని త్వరగా అవుతుందట. నేను చూసేసరికి మొదటి బీరువా మొత్తం విడికాగితాలై రబ్బరు బ్యాండ్లు వేసుకుని ఉంది.

"మళ్ళీ బైండింగ్ చేయించేస్తాం మేడం, డోంట్ వరీ" అన్నాడు ప్రవీణ్. పిల్లవాడు చెడ్డవాడు కాదు. హైదరాబాద్‌లో పుట్టాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు. "నీకు చదవడం వచ్చా నాయనా?" అంటే, "స్లోగా వస్తుంది మేడం. ఒక్కో లెటర్ గుర్తుపడతా. సెంటెన్స్ అయ్యేసరికి ఫస్ట్ వర్డ్ మర్చిపోతా" అన్నాడు.

మేము చదువుతున్న నవల మొదటి, రెండో భాగాలు కూడా కోతలో పోయాయి. మూడో భాగం నా సంచిలో ఉంది కాబట్టి బతికింది.

జూన్ 17

దేవరాజ్ కాఫీ తాగుతూ, "ఆ సీతారత్నం కథ ఎప్పుడయిపోతాదే? మూడో భాగం మందం చూస్తే ఉగాదికే అయిపోవల్ల" అన్నాడు. చదవడు కానీ లెక్క కట్టడం వచ్చు.

అసలు సంగతి ఆయనకు చెప్పాను. "అయితే నువ్వు నవల చదవడం లేదు, సీరియల్ నడపతా ఉండావు" అని నవ్వాడు. ఒళ్ళు మండింది. కథను మార్చాను అనడం సరికాదు. ఒక్కచోట, ఒక్కసారి, కొంచెం పక్కకు నడిపించాను. మిగిలిందంతా దానంతట అదే జరిగింది.

శివరాత్రి అయిన కొన్ని రోజులకు రెండో భాగం చివరికి వచ్చాం. సీతారత్నం బిందె తీసుకుని బావి దగ్గరికి వెళుతుంది. ముందుగా చదివి పెట్టుకుని ఉండాల్సింది, పెట్టుకోలేదు. ఆమె బిందెను గట్టు మీదే వదిలి మెట్లు దిగుతున్న వాక్యం దగ్గర నాకు రాబోయేది అర్థమై తలెత్తాను. సొన్నమ్మక్క పూలు కట్టడం ఆపేసి ఉంది. ఆమె కూతురు మంజుల బావిలో పడి చనిపోయింది. చంటిబిడ్డను ఇంట్లో పడుకోబెట్టి నీళ్ళకని వెళ్ళింది. ఆ బిడ్డే చాందిని, ఇప్పుడు మాల్‌లో బిల్లింగ్ దగ్గర కూర్చుంటోంది. కాలు జారిందని వీధంతా అంటుంది. నేనూ అదే అంటాను.

అందువల్ల సీతారత్నం వెనక్కి వచ్చి, బిందె తీసుకుని, నీళ్ళు నింపుకుని పైకి వచ్చేసింది. ఎవరైనా అదే చేస్తారు.

ఇక ఒకసారి బతికాక ఆ మనిషిని ఏదో ఒకటి చేయించాలి కదా. అత్తగారింటి నుంచి బయటపడేశాను. రైలెక్కించాను. ఎటు వెళుతుందో తోచక యలహంకలో దింపాను. "మన యలహంకేనా?" అని లక్ష్మమ్మ మోకాళ్ళ మీద లేచింది. ఆ తరువాత సీతారత్నం నా మాట వినడం మానేసింది. హోటల్ పెట్టింది. వాళ్ళు అడిగినవన్నీ వండుతోంది. నేను మూడో భాగం తెరిచి పట్టుకుని అప్పుడప్పుడు పేజీ తిప్పుతాను. దాన్ని చదవలేదు. సీతారత్నం లేని మూడో భాగంలో ఏడుపులు తప్ప ఏముంటాయి?

జూన్ 19

నేను పెన్షన్ పనిమీద బ్యాంకుకు వెళ్ళిన గంటలో ప్రవీణ్ మనుషులు గదిలో వదిలిన నా సంచిలోంచి మూడో భాగం తీసుకుపోయారు. కోసిన కాగితాలను మూటలు కట్టి చందాపురలో ఎవరిదో గోడౌన్‌కు పంపారట.

సాయంత్రం మిగిలిన బీరువాలోంచి చేతికి అందినది తీసుకున్నాను. పశువుల రోగాల గురించిన పుస్తకం. అట్టలన్నీ ఒకే ఖాకీ రంగు గుడ్డ కాబట్టి వినేవాళ్ళకు తేడా తెలియలేదు. గాలికుంటు వ్యాధి పేజీ తెరిచి, సీతారత్నం హోటల్‌కు మునిసిపాలిటీ వాళ్ళు వచ్చిన ఘట్టం చదివాను. చాలా బాగా వచ్చింది. లక్ష్మమ్మ మునిసిపాలిటీ వాళ్ళకు శాపనార్థాలు పెట్టింది.

జూన్ 24

యాప్ వచ్చింది. తప్పులు పట్టుకోవడానికని డౌన్‌లోడ్ చేసుకున్నాను.

మా నవలకు మొదటి పేజీలు ఎప్పుడో చిరిగిపోయాయి కాబట్టి పేరు, రాసినవారి పేరు లేవు. యాప్‌లో దాన్ని "శీర్షిక లేదు - 1", "శీర్షిక లేదు - 2", "శీర్షిక లేదు - 3" అని పెట్టారు. పుస్తకం అడుగున ఒక మీట ఉంది. నొక్కితే ఒక ఆడగొంతు చదువుతుంది. శుభ్రమైన గొంతు, వాన వచ్చినా పెళ్ళి అయినా ఒకేలా ఉండే గొంతు. మధ్యలో పేజీ అంకెలు కూడా చదివేస్తుంది. గ్రంథాలయం ముద్ర ఉన్నచోట కథ ఆపి, "తీసుకొనిపోరాదు" అంటుంది.

అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు. అదొక్కటే దాని గొప్ప. కళ్ళజోడు లేకుండా నాలుగు కథలు చదివాను. అది పెద్ద గొప్పేమీ కాదు.

జూన్ 25

ఇంకో ఆరు కథలు. తప్పులు పట్టుకోవడానికే.

జూన్ 30

సొన్నమ్మక్క ఇవాళ చదువుకు వచ్చి, "మా చాందిని నా ఫోన్‌లో అదేదో పెట్టిచ్చింది టీచరమ్మా. అది కూడా చదవతాదంట. మద్యాన్నం పొద్దు పోనప్పుడు మొదట్నించీ వింటా ఉండాను" అన్నది.

"ఎంతవరకు విన్నావు అక్కా?"

"ఇంకా పెండ్లి దగ్గరే ఉండాది. స్పీడు లేదు దానికి."

లెక్క కట్టుకున్నాను. పెళ్ళి మొదటి భాగం మధ్యలో. వినే మనిషి చేతిలో ఆకుకూరల బేరం ఉంది, మతిమరుపు ఉంది, ఫోన్‌లో చార్జింగ్ తరచూ ఉండదు. బావి దాకా పోదులే అనుకున్నాను.

జూలై 2

పోయింది.

రెండు రాత్రులు కూర్చుని విన్నదట. పొద్దున్నే ఆకుకూరల గంపతో మా ఇంటికి వచ్చింది. గంప దించలేదు. "ఆ ఫోను తప్పు చదవతా ఉండాది టీచరమ్మా. సీతారత్నాన్ని బాయిలో ముంచి చంపేసినాది" అన్నది.

నేను నోరు తెరవకముందే ఆమే మళ్ళీ అన్నది. "నువ్వు చదివినప్పుడు ఆయమ్మ బిందె ఎత్తుకోని పైకి వచ్చె గదా. మేమంతా విన్నాం గదా. నాకే బేజారయితే ఇంగ పసిపిల్లలు వింటే ఏం గావల్ల? అట్ల తప్పు చదివే దానికోసరమా గది మూసేది? అధ్యక్షునికి చెప్పి వస్తా ఉండాను. వీధిలో ఆడోళ్ళంతా ఫోన్లలోంచి దాన్ని తీసేసినారు."

దేవరాజ్ పేపరు వెనక నుంచి నన్ను చూశాడు. నేను సొన్నమ్మక్కకు మంచినీళ్ళు ఇచ్చాను.

జూలై 3

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. సొన్నమ్మక్క నిన్న మెంతికూర కట్టలు ఉచితంగా ఇచ్చి వెళ్ళింది. తినబుద్ధీ కాలేదు.

జూలై 5

రేపు ఆదివారం సర్వసభ్య సమావేశం. గది బాడుగకివ్వాలంటే సభ్యులు ఒప్పుకోవాలి. యాప్ తప్పుగా చదువుతోందని పెద్దావిడ ఒకరు ఫిర్యాదు చేశారు కాబట్టి మోహన్‌కుమార్ చిక్కులో పడ్డాడు. తప్పని తేలితే గది అలాగే ఉంటుంది, కోతకు రాని బీరువాలు మిగులుతాయి, నా సాయంత్రాలు మిగులుతాయి. తప్పు కాదని తేలితే జిమ్. ఎవరిది ఒప్పో తేల్చడానికి ఊళ్ళో ఒక్కరే ఉన్నారట. "మీరే చెప్పల్ల మేడం. మీరు ఏం చెప్తే అదే ఫైనల్" అన్నాడు.

బాగా ఆలోచించాను. ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూడకుండా చదవడం తప్పు చదవడమే. ఆ అర్థంలో యంత్రం తప్పు చదివిందని నేను చెప్పవచ్చు. అది అబద్ధం కిందికి రాదు.

దేవరాజ్‌కు ఈ మాట చెబితే, "ఏ అర్థంలో?" అని మళ్ళీ అడిగాడు.

జూలై 6, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సమావేశానికి ముందు ఎప్పటిలాగే వినాయకుడి పటానికి పూజ. హారతి పళ్ళెం బల్ల మీదే ఉంది. చందాపుర నుంచి రెండో భాగం కాగితాల కట్ట తెప్పించారు. మోహన్‌కుమార్ రబ్బరు బ్యాండ్ తీసి ఒక కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడని నేను చెప్పలేదు. పక్కవాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళూ చూసి తలలాడించారు.

ప్రవీణ్ పాపం చెమటలు కక్కుతున్నాడు. "మా సిస్టమ్ ఒక అక్షరం తప్పు చదవొచ్చు సర్. మనిషిని చంపదు సర్" అన్నాడు. న్యాయమైన మాట.

కాగితం నా దగ్గరికి వచ్చింది. సొన్నమ్మక్క ముందు వరుసలో, గంజిపెట్టిన చీరలో కూర్చుని ఉంది. చాందిని ఆమె పక్కన. నేను ఆ పేజీని చూశాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి. "యంత్రం తప్పు చదివింది" అన్నాను.

నా గొంతు నాకే బాగా వినబడింది, ఆ యాప్‌లో గొంతులా శుభ్రంగా. వెనక చప్పట్లు కొట్టారు. గది మిగిలింది. ఒక నిమిషం పాటు నిజంగానే చాలా సంతోషంగా ఉంది. ఈ మాట ఇక్కడైనా రాసుకోవాలి.

ప్రవీణ్ లేచాడు. "సారీ మేడం, నేను నమ్మను. నేను ఇంకొకరికి చూపిస్తా, అనంతపురంలో మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న ఉన్నారు, ఫోటో పంపిస్తా" అన్నాడు.

అప్పుడు సొన్నమ్మక్క లేచింది. "ఏమప్పా, టీచరమ్మ మాట మీద నమ్మకం లేదా నీకు? ఇన్నేండ్లు మాకు చదివిన మనిషి. రేయ్, కర్పూరం ముట్టించండి. నేను ఆర్పుతాను."

మా వైపు కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తే దానిమీద ఇంక మాట ఉండదు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పుతూ ఎవరి మీద ఆన పెడతారో, మాట అబద్ధమైతే వాళ్ళకు కీడు జరుగుతుందని నమ్మకం. భూమి తగాదాలు కూడా దీనితోనే తేలిపోయేవి. ఎవరో అప్పుడే వెలిగించేశారు. సొన్నమ్మక్క బల్ల దగ్గరికి వచ్చి చేయి చాచింది. "టీచరమ్మ చదివిందే పుస్తకంలో ఉండాది. నా మనవరాలు చాందిని మీద ఆన" అన్నది.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. చంద్రగ్రహణం రోజు వంట చేసి తిన్నదాన్ని. బడిలో పిల్లలకు మూఢనమ్మకాల మీద పాఠం చెప్పినదాన్ని. కానీ ఆమె అరచేయి మంట మీదికి దిగుతుంటే ఆమె మణికట్టు పట్టేసుకున్నాను. చాందిని మీద ఆ మాట పడనివ్వలేకపోయాను.

"వద్దు అక్కా. ఫోను సరిగ్గానే చదివింది."

సొన్నమ్మక్క చేయి నా చేతిలోనే ఉంది.

"మల్ల నువ్వు?"

"నేను మార్చి చదివాను."

"ఆయమ్మ బిందె ఎత్తుకోని పైకి రాలేదా?"

"రాలేదు."

"మల్ల హోటలు?"

"హోటల్ లేదు అక్కా."

"యలహంకకు రాలేదా ఆయమ్మ?"

"రాలేదు."

ఆమె తన చేయి విడిపించుకుంది. నెమ్మదిగానే విడిపించుకుంది. చాందినిని లేపి బయటికి నడిచింది. లక్ష్మమ్మ, మిగతావాళ్ళు ఒక్కొక్కరే వెనకాలే వెళ్ళారు. కర్పూరం దానంతట అదే అయిపోయింది.

మోహన్‌కుమార్ గొంతు సవరించుకుని, "అయితే యాప్ కరెక్టే అని మినిట్స్‌లో రాసుకుంటాం మేడం" అన్నాడు. గది బాడుగకివ్వడానికి అందరూ చేతులెత్తారు. ప్రవీణ్ నా దగ్గరికి వచ్చి, "థాంక్స్ మేడం" అన్నాడు. నాకు తెలిసి ఇవాళ నాకు ధన్యవాదాలు చెప్పింది ఆ పిల్లవాడు ఒక్కడే.

జూలై 7

తాళంచెవి ఇచ్చేశాను.

జూలై 13

వాళ్ళ మంచికే చేశాను కదా. ఆమె ముఖం చూసి చేశాను. ఇందులో తప్పేముంది?

జూలై 14

తప్పేముందని దేవరాజ్‌ను అడిగాను. ఆయన కన్నడ పేపరు మడిచి, "నువ్వు చేసింది తప్పని నేను చెప్పలేదు. ఆయమ్మకు నచ్చలేదని చెప్తా ఉండాను, అంతే" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఇలాగే, సాయం కావలసినప్పుడు న్యాయం మాట్లాడతాడు.

జూలై 18

జిమ్ సామాన్లు దించారు. మేము చాప వేసుకునే చోట నడక యంత్రం పెట్టారు. గాజు తలుపులోంచి చూస్తే ఒక లావాటి మనిషి దానిమీద ఎక్కడికీ పోకుండా నడుస్తున్నాడు. చెవుల్లో ఏదో పెట్టుకున్నాడు. ఏదైనా పుస్తకం వింటున్నాడేమో అని ఒక పిచ్చి ఆశ కలిగింది. అడగలేదు.

సొన్నమ్మక్క మా వీధిలో కూరలకు రావడం లేదు. పక్క వీధిలోంచే తిరిగి వెళ్ళిపోతోంది. ఆమె కేక వినబడుతోంది, "దంటు సొప్పు, మెంతి సొప్పు" అని, తోటకూరనూ మెంతికూరనూ కన్నడంలో. బాల్కనీలో నిలబడతాను. మా సందు మొదట్లో ఆ కేక కొంచెం తగ్గుతుంది, దాటాక మళ్ళీ పెరుగుతుంది.

జూలై 20

యాప్‌లో రోజూ చదువుతున్నాను. వీపులు కోసినా, ఏ మాటకు ఆ మాటే, ఎప్పుడో పోయాయనుకున్న పుస్తకాలు కూడా కనిపిస్తున్నాయి. బీరువా అడుగున నేనే ఇన్నాళ్ళు చూడనివి ఉన్నాయి. మోహన్‌కుమార్‌కు ఈ మాట ప్రాణం పోయినా చెప్పను.

ఎన్ని చదివినా మధ్యలో తలెత్తుతాను. ఎదురుగా గోడ ఉంటుంది. నాకు వాళ్ళు కావాలి. వాళ్ళకు కథ కావాలని చదివానని అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకే వాళ్ళు కావాలి, చిక్కుడుకాయలు ఒలుస్తూ, మధ్యలో ఆవలిస్తూ, "ఆ మాట మల్లొకసారి చదువు" అంటూ.

"శీర్షిక లేదు - 2" తెరవలేదు. 3 కూడా.

జూలై 25

లక్ష్మమ్మ గుడి దగ్గర కనిపించింది. నవ్వింది కానీ ఆగలేదు.

జూలై 27, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక సొన్నమ్మక్క వచ్చింది. గంప లేదు. చేతిలో చాందిని ఫోన్ ఉంది. దేవరాజ్ ఆమెను చూసి, బజారులో పని ఉందని చెప్పి చొక్కా వేసుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన చేసిన మంచి పనుల్లో ఇది ఒకటి.

కుర్చీలో కూర్చోమన్నాను. కింద కూర్చుంది. నేనూ కింద కూర్చున్నాను.

"నీకు బాధ కలుగుతుందని అక్కా" అన్నాను.

"అందరూ అదే చెప్తారు" అన్నది. కోపంగా అనలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. "మా మంజుల కాలు జారి పడిందని వీధంతా చెప్పినారు నాకు. మా ఆయన చెప్పినాడు. పోలీసోళ్ళు చెప్పినారు. కాలు జారేదానికి చెప్పులు మెట్టు మీద జతగా ఎందుకు ఇడిచిపెడతాది? నేను అడగతానే అందరూ వేరే మాట ఎత్తుకుంటారు. ఊట చేసినావా, అన్నం తింటివా అంటారు. వాన వచ్చేటట్టు ఉండాది అంటారు. నువ్వు హోటలు పెట్టిస్తివి."

నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. ఆమె బాధ చూసి కథ మార్చానని అనుకున్నాను. ఆమె బాధ నేను చూడలేక మార్చాను. ఆ రెండూ ఒకటి కావని ఇంత వయసొచ్చి ఇప్పుడు తెలిసింది.

ఆమె ఫోన్ నా ముందు పెట్టింది. "ఆ పేజీ చదువు. ఉండేది ఉన్నట్టు."

"ఇది చదివింది కదా అక్కా."

"ఇది నిలపమంటే నిలపదు. నిలిపేదానికి యాడ నొక్కల్లో నాకు తెలీదు. ఆయమ్మ నీళ్ళల్లో మునిగింది, మునగతానే అదే గొంతుతో 'నూట పన్నెండు' అనె. నాకు వద్దు దాని చదువు. నువ్వు చదువు."

"శీర్షిక లేదు - 2" తెరిచాను. అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. సీతారత్నం బిందెను గట్టు మీద వదిలింది. మెట్లు దిగింది. రెండు చోట్ల ఆగాను. ఆగినచోట సొన్నమ్మక్క ఎదురుచూసింది. ఒక చోట, "మల్లొకసారి చదువు" అన్నది. మళ్ళీ చదివాను. చివరిదాకా చదివాను. ఒక్క మాట అటూ ఇటూ చేయలేదు.

ఆమె ఏడవలేదు. కొంగుతో మెడ తుడుచుకుంది.

"అయిందా?"

"అయింది అక్కా. రెండో భాగం ఇక్కడితో అయింది."

"ఆయమ్మకు తల్లి ఉండె గదా, మొదటి భాగంలో. పెండ్లిలో చీర మార్చుకోకుండా తిరగతా ఉండె. ఆయమ్మ తల్లి ఏం చేసె, దీని తర్వాత?"

నేను ఫోన్ వైపు చూశాను. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటు కొద్దీ తల్లికి ఒక కథ అప్పుడే నాలుక చివరికి వచ్చేసింది కూడా. తల్లి కాశీకి వెళ్ళవచ్చు. మనవరాలిని పెంచుకోవచ్చు. ఏదైనా చేయించవచ్చు.

"నాకు తెలియదు అక్కా" అన్నాను. "నేను మూడో భాగం చదవలేదు."

"అన్ని నెలలు చేతిలో పెట్టుకోని?"

"చేతిలో పెట్టుకుని."

ఆమె నన్ను చూసింది. నవ్విందో లేదో చెప్పలేను. "చదువు మల్ల" అన్నది.

"శీర్షిక లేదు - 3" తెరిచాను. ఏడుపులు తప్ప ఏముంటాయని నేను తెరవకుండా వదిలేసిన మూడో భాగం ఆ తల్లి పేరుతో మొదలైంది.